అరగదీసిన ఆరు ముక్కలు

నాకు ఆ ఉద్యోగం దొరికేనాటికి మేము అమెరికా వచ్చి పదకొండు నెలలయింది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్. మా పాపకి మూడేళ్ళు. మావారు ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో డ్రాయింగులు చెక్ చేసే ఇంజనీరు. నేను గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, ఒక మిషన్ కాలేజీలో రెండేళ్ళు డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసినదాన్ని. ఇక్కడ ఆ డిగ్రీ కాగితం చేతికిస్తే, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చేసేవారు.

మా ల్యాబ్ పెద్దదేం కాదు. హైవే పక్కన గోడౌన్ల వరసలో ఒక రేకుల కప్పు కట్టడం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్ళు ఇనప ముక్కలూ, ఇత్తడి ముక్కలూ, విరిగిన బోల్టులూ పంపిస్తే వాటి లోపల ఏముందో చూసి రాసిచ్చే చోటు. యజమాని యాభై ఏళ్ళ మనిషి. మాట పొదుపు. ఇంటర్వ్యూలో ఒక్కటే అడిగాడు.

"నీకు ఓపిక ఉందా?"

ఉందని ఇంగ్లీషులో ఎలా నమ్మించాలో తోచక, "చిన్నప్పటినుంచి బియ్యంలో రాళ్ళు ఏరాను," అన్నాను.

"బియ్యంలోకి రాళ్ళెందుకు వస్తాయి?" అన్నాడాయన.

అయినా సోమవారం నుంచి రమ్మన్నాడు.

పని నేర్పింది అక్కడి పాత టెక్నీషియన్. డెబ్భైకి దగ్గరపడిన లిథువేనియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత వచ్చి షికాగో మిల్లుల్లో పనిచేసి, చివరికి మా ల్యాబ్‌లో తేలాడు. ఆయన ఇంగ్లీషు ఆయనది, నా ఇంగ్లీషు నాది. అయినా మొదటి రోజు నుంచీ ఒకరి మాట ఒకరికి బాగానే తెలిసేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వేలి గోరంత ఇనుప ముక్కను కోసి, నల్లటి పొడిలో పెట్టి వేడి ప్రెస్సులో నొక్కితే, అది మందుసీసా మూతంత బిళ్ళలో ఇమిడిపోయి బయటికి వస్తుంది. ఒక ముఖాన మాత్రం ఇనుము కనిపిస్తూ ఉంటుంది. ఆ ముఖాన్ని గిర్రున తిరిగే చక్రం మీద, నీళ్ళు పడుతూ ఉండగా, గరుకు కాగితంతో అరగదీయాలి. తరవాత దానికన్నా సన్న కాగితం, తరవాత ఇంకా సన్నది. చివరికి గుడ్డ మీద మెరుగు పెట్టాలి. అద్దంలా అయ్యాక మైక్రోస్కోపు కింద పెడితే ఇనుము లోపలి సంగతంతా కనిపిస్తుంది.

"కాగితం మార్చినప్పుడల్లా బిళ్ళను పావు వంతు తిప్పు," అనేవాడు ముసలాయన. "పాత గీతలు నిలువుగా ఉంటే కొత్తవి అడ్డంగా పడతాయి. నిలువు గీత ఒక్కటి మిగిలినా ముందుకు పోవద్దు. గుడ్డ మీద మాత్రం ఒక్క చోట ఆపకు. చక్రానికి ఎదురు తిప్పుతూనే ఉండు. చెయ్యి తేలిగ్గా."

గాజులు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, నీళ్ళకి వేళ్ళు నానిపోయి ముడతలు పడేదాకా పనిచేసేదాన్ని. నాకు ఆ పని నచ్చింది. కాలేజీలో పిల్లలకి టైట్రేషన్లు చూపించినదాని కన్నా ఎక్కువ నచ్చింది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. చేసిన పని కళ్ళెదుట మెరుస్తూ ఉంటుంది.

ఏడు నెలలు అలా గడిచాక ముసలాయన కంటి శుక్లాల ఆపరేషన్‌కి మూడు వారాలు సెలవు పెట్టాడు. వెళ్ళేముందు, "నీకు వచ్చు. కంగారుపడకుండా చేసుకో," అన్నాడు.

ఆయన వెళ్ళిన మొదటి వారంలోనే ఆరు ముక్కల పని వచ్చింది. పొలం యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి, తాము కొనే, యంత్ర భాగాల్ని బోల్టులతో పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్లలోంచి ముక్కలు కోసి పంపింది. ఆ బ్రాకెట్లు పోతపోసేది మాకు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ఫౌండ్రీ. ఒక బ్రాకెట్ వాడకంలో విరిగిందట. లోపల ఏమైనా లోపం ఉందేమో గురువారం మధ్యాహ్నానికల్లా చెప్పమన్నారు.

గురువారం పొద్దున నేను మూడు ముక్కలు కాగితాల మీద పూర్తిచేసేసరికి పాపని చూసుకునే ఆవిడ ఫోన్ చేసింది. పాపకి జ్వరం, వాంతులు, వచ్చి తీసుకెళ్ళమంది. మావారి ఆఫీసుకి చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. ఇంకా మూడు ముక్కలున్నాయి. మొదటి మూడూ కూడా గుడ్డ మీద పెట్టాలి. నేను మిగతా మూడూ ఎలాగో కాగితాల మీద ముగించి, ఆరింటినీ ఒక్కొక్కటిగా తీసి, గుడ్డకి గట్టిగా అదిమిపట్టి, గబగబా మెరుగు పెట్టేశాను. చక్రానికి ఎదురు తిప్పానా అంటే, లేదు. గుర్తే లేదు. చెవిలో పాప ఏడుపే ఉంది.

మైక్రోస్కోపులో చూస్తే ఆరింటిలోనూ నల్లటి చిల్లులు. అప్పటికప్పుడు ప్రింటు ఇచ్చే కెమెరాతో ఫొటోలు తీసి యజమాని టేబుల్ మీద పెట్టాను. ఆయన కూడా వచ్చి మైక్రోస్కోపులో ఒక ముక్క చూశాడు. "చాలా ఉన్నాయే," అన్నాడు. నేను పాప కోసం పరిగెత్తాను. జ్వరం మర్నాటికల్లా తగ్గిపోయింది.

రిపోర్టు మాత్రం వెళ్ళింది. పోతలో గాలి చిల్లులు ఎక్కువగా ఉన్నాయి, వాడకానికి పనికిరాదు అని. యంత్రాల కంపెనీ ఆ బ్రాకెట్ల లోడునంతా ఫౌండ్రీకి తిప్పి పంపేసింది.

మరుసటి బుధవారం ఆ ఫౌండ్రీ ఓనరు మా ల్యాబ్‌కి వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. చొక్కా ముందంతా నిప్పురవ్వలు పడి కాలిన చిన్న చిన్న మచ్చలు. చేతిలో న్యూస్‌పేపర్‌లో చుట్టిన బ్రాకెట్ ఒకటి. నేను అదే గదిలో ఫైళ్ళు సర్దుతున్నాను.

"నా ఇనుములో చిల్లులున్నాయన్నారట. చూపించండి," అన్నాడు.

యజమాని ఫొటోలు పరిచాడు. ఓనరు ఒక్కొక్కటీ తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇరవై ఆరేళ్ళుగా పోస్తున్నాను. చిల్లులు ఎప్పుడు పడతాయో నాకు తెలుసు. అచ్చుల ఇసక తడిగా ఉన్నా పడతాయి, ఇనుము చల్లబడి పోసినా పడతాయి. ఆ రోజు రెండూ లేవు. ఇవెక్కడివో నాకు తెలియడం లేదు."

"నేను కూడా చూశాను," అన్నాడు మా యజమాని.

"మీరు చూశానంటే ఉండే ఉంటాయి," అన్నాడాయన. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. బ్రాకెట్‌ని టేబుల్ మీద పెట్టి, "ఇది కూడా ఆ పోతలోదే. ఉంచుకోండి, నాకింక దీంతో పనిలేదు," అని లేచాడు. వెళ్తూ నాకు తలవంచి థాంక్యూ చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఇప్పటికీ తెలియదు. గదిలో ఉన్నాను కాబట్టి చెప్పి ఉంటాడు.

ఆయన వెళ్ళాక ఫొటోలు మళ్ళీ ఫైల్లో పెట్టడం నా పని. మొదటిసారి తీసినప్పటి కంగారు ఇప్పుడు లేదు కాబట్టి, తీరిగ్గా చూశాను. ప్రతి చిల్లుకీ ఒక పక్కన సన్నగా తోకలాగా సాగి ఉంది. తోకచుక్కల్లా ఉన్నాయి. రెండో ఫొటోలోనూ అంతే. మూడో దాంట్లోనూ అంతే. తోకలన్నీ ఒకే వైపుకి.

ఇనుము కరిగి గడ్డకట్టేటప్పుడు పడిన చిల్లులకి తోకలుండవు. ఉన్నా అన్నీ ఒకే వైపుకి ఎందుకు తిరుగుతాయి? ఒకే వైపుకి రాపిడి పెట్టింది గుడ్డ. బిళ్ళను తిప్పకుండా అదిమిపట్టింది నేను.

ఆ రకం ఇనుములో పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటే చిన్న చిన్న గుండ్రటి గింజలుగా ఉంటుంది. మెత్తటిది. గట్టిగా అదిమి రుద్దితే ఆ గింజలు ఊడి గుడ్డకి అంటుకుపోతాయని, వాటి చోట గుంటలు మిగులుతాయని ముసలాయన ఎప్పుడో చెప్పాడు. చెప్పినప్పుడు తల ఊపాను కూడా.

సాయంత్రం మావారు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నారు. పాప నేల మీద రంగుల పెన్సిళ్ళతో గీసుకుంటోంది. నేను స్టవ్ దగ్గర నిలబడి మొత్తం చెప్పాను.

"మా ఆఫీసులో లేఆఫ్స్ మొదలయ్యాయి," అన్నారాయన. "మూడో ఫ్లోర్ మొత్తం ఖాళీ చేసేశారు. నీకు చెప్పలేదు. నా జాబ్ ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇప్పుడు నీది కూడా..."

"నాకు తెలుసండీ."

"ఇంతకీ తప్పు నీదేనని ష్యూరా?"

"తొంభై పాళ్ళు."

"తొంభై పాళ్ళు పట్టుకెళ్ళి ఆయనకేం చెప్తావు? ముందు ఆ పది పాళ్ళు కూడా తేల్చుకో. చెప్పాలా వద్దా అన్నది తరవాత ఆలోచిద్దాం."

"తేలిపోతే ఇంక ఆలోచించేదేముందండీ?"

ఆయన చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "ఏమీ లేదులే," అన్నారు.

భోజనానికి ముందు ప్రార్థన ఆ పూట నా వంతు. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఆ చిల్లులు నిజంగా ఇనుములోనే ఉండేట్టు చెయ్యి అని లోపల అనబోయి ఆగిపోయాను. అదెలాంటి ప్రార్థన? ఎవరిదో పోత పాడైపోయి ఉండాలని అడగడం. పైకి మామూలుగా అన్నం కోసం వందనాలు చెప్పి ఆమెన్ అనేశాను.

మర్నాడు ఏడింటికల్లా ల్యాబ్‌కి వెళ్ళి ముసలాయన ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళావిడ తీసి ఆయనకిచ్చింది. కంటికి కట్టు ఉందట, రేడియో వింటూ కూర్చున్నాడట. తోకల సంగతి చెప్పాను.

"ఏ గుడ్డ మీద పెట్టావు?"

"దళసరిది. నూగు ఉన్నది."

"ఎలా పట్టుకున్నావు?"

"అదిమిపట్టాను. తిప్పలేదు."

"వాళ్ళ ఇనుము ఇంకేమైనా ఉందా నీ దగ్గర?" అన్నాడు. బ్రాకెట్ ఉందన్నాను. "అయితే దాంట్లోంచి కొత్త ముక్క కొయ్యి. నూగు లేని గుడ్డ తీసుకో. కాగితానికీ కాగితానికీ మధ్య సబ్బుతో కడుగు. నీ చేతులు కూడా కడుక్కో. గుడ్డ మీద పెట్టినప్పుడు చేతిలో కోడిగుడ్డు ఉందనుకో. ఎంతసేపైనా సరే."

బ్రాకెట్‌లోంచి మూడు ముక్కలు కోశాను. మూడు చోట్ల నుంచి. ఒక్కటే అయితే నన్ను నేను నమ్మను. బిళ్ళలు కట్టి అరగదీయడం మొదలుపెట్టాను. ప్రతి కాగితానికీ పావు వంతు తిప్పి, పాత గీతలు ఒక్కటి కూడా లేకుండా పోయేదాకా భూతద్దంతో చూసుకుంటూ పనిచేశాను. లంచ్‌కి వెళ్ళలేదు. యజమాని ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళాడు. గుడ్డ మీద పెట్టినప్పుడు చెయ్యి అదరకుండా మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, చక్రానికి ఎదురు తిప్పుతూ, తిప్పుతూ, తిప్పుతూ ఉన్నాను.

మొదటి ముక్క మైక్రోస్కోపు కింద పెట్టి ఫోకస్ చేశాను. తెల్లటి నేల మీద బూడిదరంగు ఆవాలు చల్లినట్టు, నిండుగా, గుండ్రంగా, ఎక్కడివక్కడే గింజలు. ఒక్కదానికీ తోక లేదు. ముక్క అంతా వెతికితే ఒక మూల నలుసంత చిల్లు ఒకటి కనిపించింది. అంతమాత్రం ఏ పోతలోనైనా ఉంటుంది. రెండో ముక్క అంతే. మూడోది అంతే.

ఉద్యోగం పోతుందన్న భయం అప్పుడు రావాలి నిజానికి. రాలేదు. ఆ మనిషి ఇనుము మంచిది, ఆయన చెప్పింది నిజం అన్న సంగతే ముందు మనసుకి తగిలింది. నిన్నటి నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. స్టూలు మీద కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగాను. తరవాత లేచి యజమాని గదిలోకి వెళ్ళాను. ఆగితే వెళ్ళలేనని తెలుసు.

"ఫౌండ్రీ రిపోర్టు తప్పు," అన్నాను. "ఇనుములో తప్పు లేదు. నేను అరగదీయడంలో తప్పు చేశాను."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "చూపించు."

ఇద్దరం మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళాం. ఆయన కొత్త ముక్కలు మూడూ చూశాడు. పాత ఆరింటినీ చూశాడు. మళ్ళీ కొత్తవి చూశాడు. నేను పక్కన నిలబడి ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తూ ఉన్నాను.

"ఈ తోకలు నేను కూడా చూడలేదు," అన్నాడు చివరికి. "పాత ఆరూ మళ్ళీ మొదటి కాగితం నుంచి చెయ్యి. నేనిక్కడే కూర్చుంటాను."

కుర్చీ తెచ్చుకుని నిజంగానే కూర్చున్నాడు. మూడు గంటలు పట్టింది. ఆరింటిలోనూ గింజలు నిండుగా బయటపడ్డాయి. ఆయన వెంటనే యంత్రాల కంపెనీకి ఫోన్ చేశాడు. "పొరపాటు మా ల్యాబ్‌ది," అన్నాడు. కొత్తమ్మాయిదని అనలేదు. విరిగిన బ్రాకెట్ సంగతి వాళ్ళు మళ్ళీ చూసుకుంటే, దాన్ని బిగించిన బోల్టు సరైన సైజుది కాదని తరవాత తేలింది. అది మాకు సంబంధం లేని కథ.

ఫోన్ పెట్టేసి, "ఫౌండ్రీకి ఫోన్ చెయ్యను. రేపు పొద్దున మనిద్దరం వెళ్దాం," అన్నాడు.

శుక్రవారం ఆయన కార్లో వెళ్ళాం. ఫౌండ్రీ ముందు గదిలో ఓనరు భార్య టైపు కొడుతోంది. ఓనరు లోపలినుంచి వచ్చాడు. మా యజమాని రెండు వాక్యాల్లో చెప్పేశాడు. నేను ఫొటోలు చూపించి, గింజలెలా ఊడిపోయాయో, ఆ పని నా చేతులు ఎలా చేశాయో చెప్పాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"సోమవారం నుంచి నలుగురిని రావద్దన్నాను," అన్నాడు.

మరుక్షణం ఫోన్ అందుకుని నంబరు తిప్పడం మొదలుపెట్టాడు. అక్కడే, మా ముందే. మొదటి ఫోన్ పోలిష్‌లోనో మరో భాషలోనో. రెండోది ఇంగ్లీషులో. "నేనే. సోమవారం వచ్చెయ్. అవును. అంతా సరిపోయింది." మూడో ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. భార్య టైపు ఆపి, "వాళ్ళ చెల్లెలింటికి చెయ్యి," అని నంబరు చెప్పింది. నాలుగో మనిషి ఏదో అన్నట్టున్నాడు, ఈయన నవ్వాడు.

వాళ్ళావిడ మాత్రం నవ్వలేదు. మాకు కాఫీ పోస్తూ, నా వైపు చూడకుండా, "నిన్నటినుంచీ ఆయన ముద్ద ముట్టలేదు," అంది. సారీ అన్నాను. ఆవిడ చక్కెర గిన్నె నా వైపుకి జరిపింది. అది చాలనిపించింది.

వెనక్కి వస్తుంటే దారంతా మొక్కజొన్న చేలు. మధ్యలో మా యజమాని అన్నాడు.

"ఇకమీదట చిల్లులు కనిపించిన ముక్క ఏదైనా ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. తరవాతే రిపోర్టు. ఈ రూల్ నీ ఒక్కదాని కోసమే కాదు, నా కోసం కూడా."

"అంటే నేను ఉంటున్నానా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "సోమవారం ఎనిమిదింటికి," అన్నాడు.

ఆ సాయంత్రం మావారు తలుపు తీసి నా ముఖం చూశారు. అడగకుండానే, "పోన్లే, బతికాం," అన్నారు. పాపని ఎత్తుకుని సోఫాలో కూర్చున్నాను. రెండు రోజుల ఆకలి ఒక్కసారి వేసింది. ఆయన పప్పన్నం కలిపి పెడితే నేనూ పాపా ఒకే పళ్ళెంలో తిన్నాం. ఆ శనివారం ఒక అక్కయ్యగారి బేస్‌మెంట్‌లో మా ఆరు కుటుంబాల తెలుగు ప్రార్థన కూడిక జరిగింది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే నేను లేచాను. గ్రాఫైట్ గింజల దగ్గర అందరికీ అయోమయం అయింది. నలుగురికి మళ్ళీ పని దొరికిందన్న చోట మాత్రం అందరూ స్తోత్రం అన్నారు.

ముసలాయన తిరిగొచ్చి, ఆ ముక్కల్ని తన కొత్త కంటితో చూశాడు. "ఇన్నేళ్ళూ నాకివి గోధుమరంగులో కనిపించేవి," అన్నాడు ఆశ్చర్యంగా. తరవాత, "బాగా చేశావు," అన్నాడు. నా తప్పు గురించి ఇంకేం అనలేదు. తను యాభైల్లో మిల్లులో చేసిన తప్పొకటి చెప్పాడు. అది నా దానికన్నా పెద్దది.

ఆ చలికాలం మావారి ఉద్యోగం నిజంగానే పోయింది. కొత్తది దొరికేదాకా అయిదు నెలలు నా ఉద్యోగం మీదే ఇల్లు నడిచింది. భయపడినంత కష్టమేం అనిపించలేదు. ఆయన ఇంట్లో ఉండి పాపకి ఓనమాలు నేర్పారు.

ఎనభైల చివర్లో, ముసలాయన రిటైరై చాలా కాలమయ్యాక, పని నేర్పే వంతు నాకొచ్చింది. వచ్చింది నా వయసు వియత్నాం ఆవిడ. మొదటి రోజే ఆవిణ్ణి చక్రం దగ్గర కూర్చోబెట్టి, ఆరు ముక్కల కథంతా చెప్పాను. కంగారులో ఏం జరుగుతుందో, జరిగితే ఎవరికి చెప్పాలో, చెప్తే ఏమీ కాదని కూడా. ఆవిడ శ్రద్ధగా వింది. పూర్తయ్యాక, "మనకి లంచ్ ఎన్నింటికి?" అని అడిగింది. గడియారం చూశాను. పన్నెండు దాటి పది నిమిషాలయింది. ఇద్దరం చేతులు కడుక్కుని తినడానికి వెళ్ళాం.